మన్నులోని చిరుచీమలకు పేర్లు వచ్చిన కథ

శతకపద్యము పుణ్యమా యని చలిచీమ పేరు తెలియని పిల్లవాడు తెలుగునాట ఉండడు. గండుచీమ, కొఱివిచీమ, ఎఱ్ఱచీమ, నల్లచీమ అని మన పెద్దలు మఱికొన్ని పేర్లు పెట్టినారు. అది కుట్టునా కుట్టదా, బెల్లపు కుండ జోలికి వచ్చునా, మామిడి ఆకులు కలిపి గూడు కట్టునా అను పాటి విచారణ గృహస్థునకు చాలును. ఈ పేర్లన్నియు నేల మీద మన కంటికి కనబడు చీమలవి. నేలలోనే పుట్టి, నేలలోనే మేసి, నేలలోనే చచ్చు చీమల జాతులు వందల కొలది కలవు. వానిలో కొన్ని గసగస గింజ కంటె ఎక్కువ పొడవుండవు. గునపముతో మట్టి పెళ్ళగించినప్పుడు పసుపుపచ్చని నలుసు ఒకటి కదలినట్లుండును. వెంటనే మట్టిలో కలిసిపోవును. ఆ నలుసులలో ఏది ఏ జాతియో నిర్ణయించుటకు పండితులు రెండున్నర శతాబ్దములుగా పడిన పాట్లు ఎట్టివో ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

ఇది పనిలేని వారి పని యని కొందరు అనుకొనవచ్చును. వేరుసెనగ రైతు అట్లనుకొనజాలడు. డోరిలస్ ఓరియంటాలిస్ అను గుడ్డిచీమ మట్టిలో గుంపులుగా తిరిగి వేరుసెనగ కాయలను, బంగాళాదుంపలను తొలిచి చెఱచును. అదే మట్టిలో ఎనిక్టస్ అను మఱియొక గుడ్డిచీమ తిరుగుచుండును. అది ఇతర చీమల గూళ్ళపై దాడి చేసి వాని పిల్లపురుగులను ఎత్తుకొనిపోయి తినును. మొక్క జోలికి పోదు. రెండును కన్నులు లేనివే, రెండును బారులు తీర్చి నడచునవే, చూపునకు రెండును ఎఱ్ఱని గోధుమవన్నెవే. తెలియని వాడు రెంటికిని ఒకే మందు చల్లును. కాని భూతద్దము పట్టి నడుమును చూచినచో సందేహము తీరిపోవును. డోరిలస్ నడుములో కణుపు ఒక్కటే. ఎనిక్టస్ నడుములో రెండు. ఈ ఒకటి రెండ్ల లెక్క విద్వాంసుల చేతికి చిక్కుటకు చాల కాలము పట్టినది.

స్వీడను దేశపు లినేయసు 1758లో జంతువులన్నిటికి రెండేసి మాటల పేర్లు పెట్టినప్పుడు చీమలన్నిటిని ఫార్మికా అను ఒక్క ప్రజాతిలోనే చేర్చెను. ప్రజాతి యనగా ఇంటిపేరు వంటిది. జాతి యనగా ఆ ఇంటిలోని వ్యక్తి పేరు వంటిది. అన్ని చీమలకు ఒకటే ఇంటిపేరు! ఆ ఇల్లు పంచి వేరు కాపురములు పెట్టించిన వారిలో ముందుగా చెప్పవలసిన వాడు ఫ్రాన్సు దేశపు లాట్రేయి. ఇతడు మతాచార్యుడు. ఫ్రెంచి విప్లవకాలమున బోర్డో నగరపు చెరసాలలో మరణదండన కొఱకు ఎదురుచూచుచుండగా, గదిలో దొరికిన పేడపురుగు వంటి చిన్న పురుగునొకదానిని అపూర్వమని గుర్తించెను. ఆ పురుగు బయటి శాస్త్రజ్ఞుల కంటబడి, వారి సిఫారసుపై ఇతని ప్రాణము దక్కినది. తలలు తెగుచున్న ఆ దినములలో ఒక పురుగు పేరు తెలిసి యుండుట వలన బ్రతికినవాడు ఇతడొక్కడే కాబోలు.

లాట్రేయి 1798లో ఫ్రాన్సు దేశపు చీమలను గూర్చి వ్రాయుచు, రాళ్ళ క్రింద కనబడి కనబడకుండ పారిపోవు ఒక చిన్న పసుపుచీమకు 'ఫ్యుగాక్సు' అని పేరు పెట్టెను. పారిపోవునది యని ఆ మాటకు అర్థము. భూగర్భపు చిరుచీమలలో శాస్త్రమునకు తొలినాళ్ళలో చిక్కినది ఇదియే. 1840లో ఇంగ్లండులో వెస్ట్‌వుడ్ సొలెనాప్సిస్ అను ప్రజాతిని ఏర్పరచెను. తరువాత ఫ్యుగాక్సు ఆ ఇంటిలో చేరెను. అది ఏల పారిపోవునో 1869లో ఇరువదియొక్క ఏండ్ల స్విట్జర్లండు యువకుడు ఆగస్టు ఫోరెల్ తేల్చి చెప్పెను. అది దొంగచీమ. పెద్దచీమల గూటి గోడలలో తాను మాత్రమే పట్టునంత సన్నని సొరంగములు త్రవ్వుకొని, ఆ గూటి పిల్లపురుగులను అపహరించి తెచ్చుకొనును. పెద్దచీమ వెంటబడినను ఆ సొరంగములో దాని తల దూరదు. దేహము చిన్నదగుటయే దాని కోట. ఈ ఫోరెల్ అటుపిమ్మట జూరిచ్ పిచ్చాసుపత్రికి అధిపతియై మనోవైద్యమున పేరు గాంచెను. అయినను చీమలను విడువలేదు. 1978లో వెలువడిన స్విస్ వేయి ఫ్రాంకుల నోటు మీద ఒకవైపు ఇతని ముఖము, మఱియొకవైపు చీమల బొమ్మలు ముద్రించినారు. చీమలకు అంతటి మర్యాద మఱి ఏ దేశపు నోటు మీదను జరిగినట్లు మేము వినలేదు.

ఇక మన వైపు వత్తము. థామస్ జెర్డన్ అను వైద్యుడు 1836లో మద్రాసు చేరి, కుంఫిణీ కొలువులో పెక్కు తావులు తిరిగి, కొన్నాళ్ళు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసెను. పక్షిశాస్త్రమున ఇతని కీర్తి గొప్పది. కాని దక్షిణ హిందూదేశపు చీమలకు మొదటి పట్టికను వ్రాసినవాడును ఇతడే. 1851లో అది మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో అచ్చయినది. ఎగిరి దుముకు చీమకు 'సాల్టేటర్' అనియు, ఎఱుపు నలుపు కలిసి చెట్లపై తిరుగు చురుకైన చీమకు 'రూఫోనైగ్రా' అనియు ఇతడు పెట్టిన పేర్లు నేటికిని చెల్లుచున్నవి. మన కథకు ముఖ్యమైనది మఱియొకటి. మట్టిలో పెద్ద దండుగా వసించి, నేలపై మట్టితో కప్పిన దారులు వేసికొని సాగు ఒక చీమకు ఇతడు 'డైవర్సా' అనెను, వేర్వేరు రూపములది యని. పేరు సార్థకము. దానిలో కూలిచీమ రెండు మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. అదే గూటిలోని పెద్ద సైనికచీమ తల కూలిచీమ తలకు పది రెట్లు వెడల్పు. ఎండిన దేహపు బరువున అయిదు వందల రెట్లు. ఒక్క తల్లి బిడ్డలలో ఇంత అంతరము చీమలలో సయితము అరుదు. రెంటిని వేర్వేరుగా పంపినచో ఐరోపాలో రెండు జాతులనుకొని రెండు పేర్లు పెట్టెడివారే. జెర్డన్ గూటిని స్వయముగా చూచినవాడు గనుక ఆ పొరపాటు జరుగలేదు.

అయితే జెర్డన్ పనిలో ఒక లోపము కలదు; దాని ఫలము నేటికిని అనుభవించుచున్నాము. ఇతడు వర్ణించిన చీమలు ఏ మ్యూజియములోను నిలువలేదు. వర్ణన మాత్రము మిగిలినది, వస్తువు పోయినది. సాల్టేటర్ వంటి విలక్షణమైన చీమకు వర్ణనయే చాలును. 'చిన్నది, పసుపుపచ్చనిది, కన్నులు అగపడవు' అన్నంత మాత్రమున చిరుచీమను పోల్చుట ఎవరి తరము? ఇతడు పెట్టిన పేర్లలో కొన్ని ఏ చీమకు చెందునో ఇప్పటికిని తేలక అనాథలుగా పడియున్నవి. ఆస్తి ఉన్నది, దస్తావేజు పోయినది అని వినుచుందుము. ఇక్కడ దస్తావేజు ఉండి ఆస్తి కనబడకున్నది.

'డైవర్సా' పడిన తిప్పలును వినదగినవి. జెర్డన్ దానిని అమెరికాలోని ఆకు కత్తిరించు చీమల ప్రజాతిలో చేర్చెను. 1862లో వియన్నాలో గుస్తావ్ మాయిర్ అట్లు కాదని ఫైడోలోజెటాన్ అను క్రొత్త ఇంటిపేరు కల్పించెను. నూటయేబది యేండ్లకు పైగా పుస్తకములన్నియు ఆ పేరే వాడినవి. 2014లో మరల పరిశీలించి దానిని కారెబారా అను ప్రజాతిలో కలిపినారు. ఊరు మారలేదు, చీమ మారలేదు. చిరునామా మాత్రము రెండు మార్లు మారినది. మైకు ముందు ఈ లాటిను పేర్లు పలుకుట నాలుకకు మంచి కసరత్తు. అచ్చులో చదువు వారికి ఆ బాధ లేదు.

ఇంత తికమకకు మూలము ఎక్కడనగా, చీకటిలో బ్రతుకు చీమలన్నిటికి మన్ను ఒకే వేషము వేయును. వెలుగు లేనిచోట రంగుతో పని లేదు; కనుక దేహము వెలవెలబోయి పసుపుపచ్చనగును. కన్నుతో పని లేదు. కనుక అది ఒకటి రెండు పలకలకు కుదించుకొనిపోవును, లేదా పూర్తిగా మాయమగును. ఇరుకు దారులలో పొడవైన కాళ్ళు అడ్డము, అవి పొట్టివగును. మీసములును పొట్టివై లావెక్కును. ఒకదానితో ఒకటికి చుట్టరికము లేని అయిదారు వంశముల చీమలు ఈ విధముగా అన్నదమ్ముల వలె కనబడును. కావున రంగును, కంటిని నమ్మిన పాత వర్ణనలు మోసపోయినవి. మన్ను మార్చజాలని గుర్తులను వెదకవలసి వచ్చినది.

వానిలో మొదటిది నడుము. సొలెనాప్సిస్, కారెబారా, మోనోమోరియం అను మూడును నడుమున రెండు కణుపులు గలవి. అక్రోపైగా అను పసుపుచీమకు కణుపు ఒకటే. కొండియును లేదు, పొట్ట చివర వెండ్రుకలు చుట్టిన గుండ్రని రంధ్రము మాత్రముండును. ఈ అక్రోపైగా మొక్కల వేళ్ళను పట్టియుండు పిండిపురుగులను పశువుల వలె సాకి, అవి విడుచు తియ్యని ద్రవముతో జీవించును. క్రొత్తరాణి పెండ్లికై రెక్కలతో ఎగిరిపోవునప్పుడు దవడల నడుమ ఒక పిండిపురుగును కఱచుకొని పోవును. అత్తవారింటికి ఆవును తోలుకొని పోయినట్లన్నమాట.

రెండవ గుర్తు మీసపు కణుపుల లెక్క. సొలెనాప్సిస్ మీసమున కణుపులు 10, చివరి రెండు ఉబ్బి గద వలె నుండును. మోనోమోరియమునకు సాధారణముగా 12, గదలో మూడు. కారెబారాకు 8 మొదలు 11 వరకు ఉండవచ్చును, గదలో రెండే. అట్లయినచో పది కణుపుల కారెబారాకును సొలెనాప్సిస్‌కును భేదమెట్లు? అప్పుడు ముఖము ముందుభాగము చూడవలెను. సొలెనాప్సిస్ నోటిపై పలకన రెండు సన్నని గట్లు, నడుమ ఒంటి వెండ్రుక ఉండును. తరువాత వీపు వెనుకభాగము చూడవలెను. సొలెనాప్సిస్‌కు అది నున్నగా గుండ్రముగా దిగును. కారెబారాలో పెక్కింటికి అచ్చట కోణమో, చిన్న పన్నో కనబడును. రెండు మిల్లీమీటర్ల దేహమున ఒంటి వెండ్రుకను వెదకుట యనగా ఎట్టి ఓపిక కావలెనో పాఠకులే ఊహింపగలరు. చీమను కాగితపు ముక్కోణపు మొనకు రవ్వంత జిగురుతో అంటించి, ఆ కాగితమును గుండుసూదికి గ్రుచ్చి, క్రింద ఊరు, తేది, పట్టినవాని పేరు వ్రాసి పెట్టుదురు. జిగురు ఒక చుక్క ఎక్కువైనచో చూడవలసిన గుర్తులన్నియు అందులో మునిగిపోవును.

ఈ గుర్తులు కూలిచీమల కొఱకు చెప్పబడినవి. మగచీమల సంగతి ఎత్తుకొనగానే పెద్ద చిక్కు వచ్చిపడినది. మగచీమకు రెక్కలు, పెద్ద కన్నులు ఉండును. కూలిచీమతో దానికి పోలికయే ఉండదు. వానకారు రాత్రులలో వసారా దీపము చుట్టు గోధుమవన్నె పొడవాటి పొట్టతో కందిరీగ వంటిది ఒకటి తిరుగుచు గోడకు కొట్టుకొనుట శ్రోతలలో కొందరైనను చూచియుందురు. అది డోరిలస్ మగచీమ. ఆఫ్రికా నుండి వచ్చిన అట్టిదానిని చూచి 1764లో లినేయసు అంతటివాడు కందిరీగ యనియే నమోదు చేసెను. 1793లో ఫాబ్రీషియసు దానికి డోరిలస్ అను పేరు పెట్టెను. తరువాత దాని గుడ్డి కూలిచీమలకు వేఱుగా పేర్లు పుట్టసాగినవి. 1849లో పశ్చిమ ఆఫ్రికాలో సావేజ్ అను అమెరికా మతప్రచారకుడు బారులు తీర్చి పోవుచున్న గుడ్డిచీమల నడుమ ఈ మగవానిని చూచి వ్రాసెను. గొరిల్లాను 1847లో శాస్త్రలోకమునకు ఎఱుక పఱచినవారిలో ఒకడును ఈతడే. గొరిల్లా వార్త లోకమంతట మ్రోగినది. చీమ వార్త విన్నవారు కొద్దిమంది.

ఎనిక్టస్ కథ దీనికి జంట. పైగా మన దేశముననే ముడి వీడినది. 1840లో షకర్డ్ అను ఆంగ్లేయుడు మగచీమలను మాత్రమే చూచి ఎనిక్టస్ అను ప్రజాతిని ఏర్పరచెను. వాలేస్ అను మహాయాత్రికుడు బోర్నియో నుండి పంపిన కన్నులేని కూలిచీమలను చూచి, 1857లో బ్రిటిష్ మ్యూజియముకు చెందిన ఫ్రెడరిక్ స్మిత్ వానికి టిఫ్లాట్టా అని పేరు పెట్టెను. ముప్పదియేండ్లకు పైగా ఈ రెండు పేర్లు వేర్వేరుగా నడచినవి. ఒక ఇంటిలో మగవారే గాని కూలివారు లేరు. మఱియొక ఇంటిలో కూలివారే గాని మగవారు లేరు. ఇది వింత యని తోచినను, రెండు ఇండ్లు ఒకటే యని చెప్పుటకు సాక్ష్యము లేదు. లండనులో సొరుగుల ముందు కూర్చుండి ఎన్ని కణుపులు లెక్కించినను ఈ సాక్ష్యము దొరకదు. మగవానిని, కూలివానిని ఒక్క గూటిలో పట్టుకొని తీరవలెను.

ఆ పని చేసినవాడు బొంబాయి రాజధానిలో అడవుల శాఖ ఉద్యోగి రాబర్ట్ రాటన్. కొలువు పని చూచుకొనుచునే చీమలను సేకరించి ఫోరెల్‌కు పంపుచుండెడివాడు. అతనికి రెండును కలిసి దొరకినవి. 1890లో ఫోరెల్ బెల్జియము పత్రికలో వ్రాసిన వ్యాసమునకు పేరే 'ఎనిక్టస్-టిఫ్లాట్టా: రాటన్ గారి ఆవిష్కారము' అని పెట్టెను. ముందు పుట్టిన పేరు నిలుచునను నియమము ప్రకారము టిఫ్లాట్టా రద్దయి, ఎనిక్టస్ నిలిచినది. ఐరోపా పండితుడు తన వ్యాసపు నొసటనే దూరదేశపు అడవి ఉద్యోగి పేరు వ్రాయుట ఆ రోజులలో సామాన్యము కాదు. ఫోరెల్‌పై మాకు గౌరవము కలుగుటకు నోటు మీది బొమ్మ కంటె ఇదియే ఎక్కువ కారణము. చీమల బారు ఎక్కడ పోవుచున్నదో రాటన్‌కు చూపిన వారు, మట్టి త్రవ్వి ఇచ్చిన వారు కూడ ఉండియే యుందురు. వారి పేర్లు ఏ వ్యాసపు నొసటను లేవు.

1892 మొదలుకొని ఫోరెల్ హిందూ, సింహళ దేశముల చీమలను గూర్చి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వరుసగా, ఆంగ్ల పత్రికలో ఫ్రెంచి భాషలో, వ్రాసెను. 1903లో బింగ్‌హామ్ అను సైనికోద్యోగి ఆ సమాచారమును కూర్చి, గుర్తులను బట్టి జాతిని తేల్చుకొను పట్టికలతో ఇంగ్లీషున ఒక సంపుటము వెలువరించెను. నడుము కణుపు ఒకటియా, రెండా? ఒకటి యైనచో ఈ పుటకు, రెండైనచో ఆ పుటకు పొమ్మని చేయి పట్టి నడిపించు గ్రంథమది. మన దేశమున చీమలు చదువుకొనువారు నేటికిని దానిని తెరచుచునే ఉన్నారు.

అన్నిటికంటె చిన్నవాని సంగతి ఇంకను చెప్పలేదు. 1870లో ఇటలీలో కార్లో ఎమెరీ కోర్సికా ద్వీపపు మట్టిలో దొరికిన, దారపు తునక వంటి గుడ్డిచీమకు లెప్టనిల్లా అని పేరు పెట్టెను. ఈ ప్రజాతి చీమలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. అవి ఎట్లు జీవించునో నూరేండ్లకు పైగా ఎవరికిని తెలియలేదు. జపానులో మసుకో అను పరిశోధకుడు గూళ్ళను ప్రయోగశాలలో పెంచి 1989, 1990లలో వెల్లడించెను. అవి తమకంటె ఎన్నో రెట్లు పెద్దదగు జెఱ్ఱిని గుంపుగా వేటాడును. రాణి తన బిడ్డల దేహముననున్న ప్రత్యేక రంధ్రము నుండి వాని రసమును త్రాగి బ్రతుకును, బిడ్డలు చావవు. ఎమెరీ మాత్రము ఇవేవియు చూడకుండగనే దవడలు, నడుము, మీసము చూచి ఇది వేఱు వంశమని పసిగట్టెను. 1906లో పక్షవాతము సోకి కుడిచేయి పడిపోగా, ఎడమచేతితో వ్రాయుట, బొమ్మలు గీయుట నేర్చుకొని చీమలపై పని సాగించిన పట్టుదల అతనిది.

ఇట్టి చీమలు దొరకుటయే గగనము. 1905లో ఇటలీలోనే బెర్లేజ్ ఒక గరాటు కనిపెట్టెను. జల్లెడపై మట్టిని పోసి వెచ్చచేయుదురు. పైనుండి మట్టి ఎండుకొలది లోని ప్రాణులు తడి వెదకుకొనుచు క్రిందికి దిగి, గరాటు ద్వారా సారాయి సీసాలో పడును. అంతవరకు మనుష్యుని కంట పడని జాతులెన్నో ఆ సీసాల అడుగున బయటపడినవి. 2003లో బ్రెజిలు దేశపు మనౌసు నగరము దగ్గర ఒకే ఒక్క చీమ దొరకినది: వెలవెలబోయినది, గుడ్డిది, పొడవైన పటకారు వంటి దవడలు గలది. అట్టివే రెండు 1998లో దొరకి చేజారిపోయినవి. 2008లో ఆ ఒంటిచీమకు మార్షియాలిస్ అని నామకరణము చేసినారు, కుజగ్రహము నుండి వచ్చినదా యనిపించునంత వింతది గనుక. ఉన్న ప్రజాతులలో దేనికిని అది ఇమడలేదు.

మన దేశమున కణుపుల లెక్క ఇంకను ముగియలేదు. 2016లో పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయపు హిమేందర్ భార్తీయు సహచరులును ప్రకటించిన పట్టికలో జాతులు, ఉపజాతులు కలిపి 828. అటుపిమ్మట 2021లో ఊసెరియా అను అరుదైన ప్రజాతిలో రెండు క్రొత్త జాతులు వెలువడినవి. అందొకటి కేరళలోని పెరియారు అభయారణ్యమున దొరకినది. ఆ ప్రజాతిలో అంతవరకు ఎనిమిది, తొమ్మిది, పదునొకండు కణుపుల మీసములు గలవే తెలియును. క్రొత్తవానికి సరిగా పది. నడుమ ఖాళీగా నున్న అంకె నిండినది.

మగవానికి ఇల్లు వెదకు పనియు రాటన్‌తో తీరలేదు. 1987లో కుగ్లర్ అను శాస్త్రజ్ఞుడు లెప్టనిల్లాకు దాయాదులైన చిన్న మగచీమలను చూచి యావ్నెల్లా అను ప్రజాతిని స్థాపించెను; ఒక జాతి ఇజ్రాయెలుది, మఱియొకటి మన కేరళది. కూలిచీమ ఎట్లుండునో చూచిన వారు లేరు. ఇరాను దేశమున రాళ్ళ సందులలోని మట్టి నుండి పొడవైన కాళ్ళ గుడ్డి కూలిచీమ దొరకగా, 2022లో డి.ఎన్.ఏ. పోల్చి చూచి అది యావ్నెల్లా ఇంటిదే యని తేల్చినారు. ఈ మారు మగవానిని, కూలివానిని ఒక్క గూటిలో పట్టుకొనవలసిన అవసరము కలుగలేదు.